నెత్తురు గడ్డకట్టించువాడెవడు?



పత్తి తీతలును మిరప కల్లములును వచ్చు దినములలో మన పల్లె సంఘములలో ఒక ప్రశ్న ఏటేట లేచుచున్నది. చేలో పురుగు ముట్టినవానిని మొదట ఎక్కడికి కొనిపోవలెను? ప్రార్థన గృహమునకా, ఆసుపత్రికా? దేవుడు స్వస్థపరచగలడని నమ్మినవాడు సూదిమందుకు పరుగెత్తుట అల్పవిశ్వాసము కాదా అని కొందరు అడుగుచున్నారు. ముందు బండి ఎక్కించుడి, ప్రార్థన దారిలో చేసికొందము అని మరికొందరు అనుచున్నారు. ఇరుపక్షములవారును బైబిలు చేతపట్టుకొనియే మాటలాడుచున్నారు గనుక ఈ నెల ఈ సంగతినే నిదానముగా ఆలోచింతము. అయితే తగవులోనికి దిగక ముందు నెత్తురు సంగతి కొంత తెలిసికొనవలెను. ఏలయనగా మన నల్లరేగడి చేలలో మనుష్యులను చంపు పాములలో ఒకటి నెత్తురును పాడుచేసియే చంపును.

కొడవలి తెగినప్పుడు మనవారు ఏమేమి పెట్టుదురో అందరికిని తెలిసినదే. పసుపు అద్దుదురు. కాఫీపొడి ఒత్తుదురు. గట్టుమీది గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండుదురు. బడికి పోవునప్పుడు మనము పలకలు తుడిచికొన్న పలకాకు అదియే. గడ్డము గీయువారు పటికరాయి రుద్దుదురు. పత్తిచేలోనైతే చేతికందిన కాయనుండి దూది పీకి అంటింతురు. బూడిదయు పేడయు పెట్టువారు కూడ ఇంకను ఉన్నారు. అది మాత్రము మానవలసినదే, వాటితో ధనుర్వాతము లోపలికి పోవును. చేలోని దూది సహితము మనమనుకొన్నంత మంచిది కాదు. దానికి పుట్టుకతో సన్నని మైనపు పూత యుండును. నీళ్లలో వేసి చూడుడి, తేలును, నెత్తురును పీల్చదు. క్షారములో ఉడికించి మైనము పోగొట్టి తెలుపు చేసిన తరువాతనే అది మందుల అంగడి దూది యగును. 1940వ దశకమున డాక్టర్లు ఇంకొక మెట్టు ఎక్కిరి. దూదిగుడ్డను రసాయనముతో మార్చి, కోతలో నెత్తురు ఊరుచోట పెట్టి కుట్టివేసినను కొన్ని వారములలో శరీరములోనే కరగిపోవునట్టు చేసిరి. ఇరాకు యుద్ధమునకు పోయిన అమెరికా సైనికుల సంచులలో రొయ్య పొట్టునుండి తీసిన పదార్థముతో చేసిన పట్టీలు ఉండెను. మన పత్తియు, మన సముద్రతీరపు రొయ్యయు ఎంత దూరము పోయినవో చూడుడి.

చిన్న గాయమునకు పైన చెప్పినవన్నియు పనిచేసినట్లే కనబడును. నిజమేమనగా అట్టి గాయము శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టినయెడల కొన్ని నిమిషములలో తనంతట తానే ఆగును. ఆగిన నెత్తురుకు పేరు ఆకుకు వచ్చును. (మిరపకాయలు ఏరిన చేతులతో మాత్రము అదమవద్దు, గాయపడినవాడు గాయముకంటె మంటకు ఎక్కువ కేకలు వేయును.)

తనంతట తాను ఆగుట అనగా ఏమి? నెత్తురులో కంటికి కనబడని చిన్న పలుకులు కొట్లకొలది తిరుగుచుండును. నాళము తెగినవెంటనే అవి అచ్చటికి చేరి ఒకదానికొకటి అతుకుకొని రంధ్రమును మూయబూనును. ఆ మూత నిలుచుటకు వల కావలెను. ఆ వల నూలు నెత్తురులోనే కరగియున్నది. దానిని ఫైబ్రినోజన్ అందురు. దానిని చేయునది మన కాలేయము. గాయము తగులువరకు ఆ నూలు నీళ్లవలె పారుచుండును. తగిలినప్పుడు ఒకదాని వెంట ఒకటిగా పది పన్నెండు పదార్థములు మేలుకొని, చివరకు ఆ నూలును దారములుగా మార్చి వల అల్లును. ఆరోగ్యవంతునిలో ఇది గాయమున్నచోటనే జరుగును, వేరొకచోట జరుగదు. నాళములన్నిటిలో ఒక్కసారిగా వల అల్లబడినయెడల మనుష్యుడు బ్రదుకడు. ఎక్కడను అల్లబడనియెడలను బ్రదుకడు.

ఇప్పుడు పాము సంగతి. మనవారు రక్తపింజరి అని పిలుచునది బూరెవలె ఉబ్బి, పెద్ద బుసకొట్టి, ఒడలిమీద గొలుసువలె నల్లని మచ్చలు గలది. ఎలుకల కొరకు చేలగట్లకును కల్లములకును వచ్చును. పత్తికట్టె మోపుల క్రింద పండుకొనియుండును. ఇంగ్లీషువారు దీనిని రస్సెల్ పేరుతో పిలుతురు. ఆ పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశపు డాక్టరు. 1781లో విశాఖపట్టణమునకు వచ్చి, తరువాత కుంపినీవారి పక్షమున మన తీరప్రాంతపు చెట్లను పాములను పరిశోధించెను. 1796లో ముద్రించిన తన గొప్ప గ్రంథమున ఈ పామును తెలుగువారి నోట విన్న పేరుతోనే, కాటుకరేకుల పొడ అని వ్రాసికొనెను. ఎంత చక్కని పేరు! ఎవరో ఒక పల్లెవాడు ఆ భయంకరమైన జంతువును చూచి కాటుకరేకులను తలంచుకొనెను.

ఇంకొక నూటముప్పది ఎనిమిది ఏండ్లకు, 1934లో, లండనులో మాక్‌ఫార్లేన్ అను యువ డాక్టరు ఒక వింత చేసెను. పుట్టుకతోనే నెత్తురు గడ్డకట్టని జబ్బుగలవారు కొందరుందురు. వారికి ఒక్క పన్ను తీసినను దినములతరబడి నెత్తురు కారుచుండును. మాక్‌ఫార్లేన్ లండను జంతుశాలలోని పాముల అధికారియైన బార్నెట్ తోడ్పాటుతో పలురకముల పాము విషములను పరీక్షించి, మన రక్తపింజరి విషమును మిక్కిలి పలుచన చేసి, పదివేలవంతు బలమున, గాయముమీద పెట్టెను. ఆ రోగుల నెత్తురు సెకండ్లలో గడ్డకట్టెను. తరువాత ఏండ్లతరబడి ఆ విషము నెత్తురు నిలుపు మందుగా సీసాలలో అమ్మబడెను. నేటికిని నెత్తురు పరీక్షచేయు ప్రయోగశాలలలో అది ఉపయోగపడుచున్నది.

అదే విషము పత్తిచేలో మన కాలిలో పడినప్పుడు ఏమి చేయును? వేరొక పని చేయదు, అదే పని చేయును. వల అల్లుడని ఆజ్ఞ ఇచ్చును. అయితే ఒక గాయమున్నచోట కాదు, ఒడలంతట. కాలేయము చేసిపెట్టిన నూలంతయు ఎక్కడికక్కడ చిన్న చిన్న పోగులుగా ఖర్చయి కరగిపోవును. కొన్ని గంటలలో ఫైబ్రినోజన్ మిగులదు. అప్పుడు చిగుళ్లనుండి, మూత్రములోనుండి, కాటు గంట్లలోనుండి నెత్తురు ఊరుచుండును, మూత్రపిండములు చెడును. ఆ గడియలో పసుపు గాని పటిక గాని ఆసుపత్రిలోని శ్రేష్ఠమైన పట్టీ గాని చాలవు. అవి ఒడలంతట పోయిన నూలును తిరిగి తెచ్చునవి కావు. చేయవలసినది ఒక్కటే. గుఱ్ఱములనుండి తీసిన విరుగుడు మందును నరములోనికెక్కించి, తిరుగుచున్న విషమును పట్టి ఆపవలెను. మన దేశమున దొరకు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికిని పనికివచ్చును. మొదటనే ఎనిమిది పది సీసాలు ఎక్కింతురు. అంతటితో నెత్తురు వెంటనే గడ్డకట్టదు. డాక్టరు సుమారు ఆరు గంటలు కాచుకొని మరల పరీక్షించును. ఎందుకనగా కాలేయము క్రొత్త నూలు చేయుటకు అంత కాలము పట్టును.

ఆ ఆరు గంటల సంగతి మమ్మును చాల ఆలోచింపజేసినది. నెత్తురు గడ్డకట్టించు మందు అని మనము ఏ వస్తువునైనను పిలిచినప్పుడు కొంచెము ఎక్కువ చెప్పుచున్నాము. దూది కట్టించదు, ఆకు కట్టించదు, విషము సహితము కట్టించదు. మనలను చేసినవాడు నెత్తురులో ముందే ఉంచినదానిని అవి తట్టి లేపును, లేదా దానికి అడ్డము వచ్చినదానిని తొలగించును. విరుగుడు మందు చేయునదియు ఇంతే: శత్రువును తోలివేసి, కాలేయము తన పని తాను చేసికొనునట్లు చోటిచ్చును. అట్లయినయెడల దేవుడు చేసెనా, మందు చేసెనా అని రెండు పక్షములుగా చీలి అడుగుట ఎట్లు? వాన దేవుడిచ్చెనా, కాలువ ఇచ్చెనా అని కాలువ తెగినప్పుడు ఎవరును అడుగరు. పార పట్టుకొని పోవుదురు.

అయినను ఎదుటివారి వాక్యములను వినకుండ తోసివేయుట న్యాయము కాదు. వారు ఆసా రాజును చూపుదురు. రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయమున అతడు తన పాదముల జబ్బులో యెహోవాను కాక వైద్యులను ఆశ్రయించెనని వ్రాయబడియున్నది. నిజమే. ఆ అధ్యాయము మొదటినుండి చదువుడి. దేవుని విడిచి సిరియా రాజునకు బంగారము పంపినది ఆ ఆసాయే, గద్దించిన దీర్ఘదర్శిని బందీగృహమున వేసినదియు ఆయనే. ఆయన తప్పు వైద్యుని పిలుచుట అని అచ్చట లేదు. దేవుని పిలువకపోవుట అని యున్నది. దీని ప్రక్కన హిజ్కియాను నిలువబెట్టుడి. బ్రదుకుదువని, ఇంకను పదునైదు సంవత్సరములు ఆయుష్షు ఇచ్చెదనని దేవుడే సెలవిచ్చిన తరువాత కూడ, ఆ మాట తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెను (రెండవ రాజులు 20). వాగ్దానము చేతనుండగా ముద్ద ఎందుకని రాజు అడుగలేదు. ఇదే హిజ్కియా మోషే చేసిన ఇత్తడి సర్పమును ముక్కలు చేసినవాడు, జనులు దానికి ధూపము వేయుచుండిరి గనుక. సాధనమును వాడుకొనుటయు, సాధనమును పూజింపకుండుటయు ఒకే మనుష్యునిలో కనబడుచున్నవి. ఆసుపత్రి ఉన్నదిగదా, ఇక ప్రార్థన ఏల అనువారికి ఆ రెండవ సంగతి చెప్పవలసియున్నది.

అన్నిటికంటె ఎక్కువగా చెప్పబడునది పౌలు సంగతి. మెలితే ద్వీపమున పుల్లల మోపు మంటలో వేయుచుండగా పాము వెలుపలికి వచ్చి ఆయన చేయి పట్టెను, ఆయన దానిని జాడించివేసి ఏ హానియు పొందలేదు. మన పత్తికట్టె మోపులవలెనే అనుకొనుడి. అయితే ఓడ పగిలి ఒడ్డున పడిన ఆ వర్షపు దినమున పౌలు ఏ మందును త్రోసివేసెను? త్రోసివేయుటకు అక్కడ ఏమియు లేకుండెను. కాటుపడిన మరియొకనితో, నాకు కాలేదు నీకును కాదు అని ఆయన చెప్పినట్లును లేదు. కట్టెలు ఏరుటలో వచ్చిపడిన కష్టమునుండి దేవుడు తప్పించుట వేరు, దగ్గరనున్న సహాయమును కాదని దేవుడు తప్పించునా అని చూచుట వేరు. ఆ రెండవదానిని చేయుమని ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలిపి అడిగినవాడు ఎవడో మనకు తెలియును. వాడు ఎత్తి చూపినది తొంబది యొకటవ కీర్తన. వాడు ఆపిన మాటకు తరువాతి మాట ఏమిటో చూచితిరా? సర్పములను త్రొక్కుటను గూర్చినదే! ప్రభువు ఆ కీర్తనను కాదనలేదు. దేవుని శోధింపరాదని మాత్రము సెలవిచ్చి మెట్లుండగా దుముకనొల్లక యుండెను.

సాక్ష్యముల మాట యున్నది. ఫలానివాడు పాము కరచినను ఆసుపత్రికి పోలేదు, ప్రార్థనతోనే లేచెను అని కూటములలో చెప్పుదురు. మేము ఆ సాక్ష్యమును అబద్ధమనము. అయితే కరచిన పాములన్నియు విషపు పాములు కావు. విషపు పాము కరచినను ప్రతి కాటులోను విషము దిగదు. ఆకు పసరు సంగతి పైన చెప్పితిమి గదా. మంత్రగానికి పేరు వచ్చునది ఈ లెక్కలోనే, ఆయన దగ్గర లేచినవారు కూడ ఇట్టివారే. ఆ లెక్కతో మనము మంత్రగానిని కాదనుచు, అదే లెక్కతో మన కూటములను ఔననుట తగునా? లేచినవాడు దేవుని స్తుతించుట మంచిదే, బ్రదికినవాడెవడైనను స్తుతింపవలెను. దానిని పొరుగువానికి విధిగా చేయుట మాత్రము వేరు సంగతి. లేవనివారు కూటములలో సాక్ష్యమియ్యరు. 2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది చనిపోయిరని, ఏటికి సగటున 58,000 మందియని 2020లో ప్రకటింపబడిన పరిశోధన లెక్కకట్టెను. ఎక్కువ మరణములు జరిగిన రాష్ట్రముల వరుసలో మన ఆంధ్రదేశమును ఉన్నది.

ఈ తగవు పాముకాటుతోనే పుట్టినది కాదు. గుంటూరులో 1883లో అన్నా సారా కుగ్లర్ అను లూథరన్ మిషను డాక్టరమ్మ దిగినప్పుడు, ప్రసవములో నెత్తురు పోవుచున్న స్త్రీ అంటరాని మైలలో ఒక మూల పడియుండెడిది. ఆమెను మగ డాక్టరుకు చూపరు. తలవ్రాత అందురు. 1898లో అచ్చట స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరువబడెను. కుగ్లరమ్మ 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. ఆసుపత్రిలో ప్రార్థనయు వైద్యమును ఒక కప్పు క్రిందనే జరిగెను. మన ముత్తవ్వలలో ఎందరో ఆ గుమ్మము దాటి వచ్చిరి గనుకనే మనమున్నాము.

ప్రసవపు నెత్తురును గూర్చి ఇంకొక మాట. జపాను దేశమున ఉటాకో ఒకామోటో అను వైద్యురాలును ఆమె భర్తయు 1962లో ట్రానెక్సామిక్ ఆమ్లము అను మందును లోకమునకు తెలియజేసిరి. వారు నెత్తురునే పరిశోధనకు తీసికొనుటకు కారణము, చేతిలో డబ్బు లేకపోయినను తమ నెత్తురు తాము తీసికొనవచ్చునని. అల్లిన వల త్వరగా విడిపోకుండ ఈ మందు కాపాడును. (పింజరి కాటుకు వాడవలసినది ఇది కాదు; అక్కడ చెడినది వేరు.) బాలింతలకు ఇది మేలుచేయునని ఆమె ఎంత చెప్పినను వైద్యులు పరీక్షింప పూనుకొనలేదు. చివరకు 21 దేశములలో 20,060 మంది తల్లులమీద పరీక్షించి 2017లో ఫలితము ప్రకటించిరి: కాన్పైన మూడు గంటలలోపల ఇచ్చినయెడల నెత్తురు పోయి చనిపోవువారు తగ్గుదురు. ఒకామోటో అమ్మగారు దానికి ముందటి ఏడే చనిపోయిరి. మూడు గంటలు దాటినయెడల ప్రయోజనము లేదు. ఆ లోపలనైనను ప్రతి పావుగంట ఆలస్యమునకు మేలులో సుమారు పదవవంతు తగ్గుచుండును.

పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సంగతి ఇచ్చట గుర్తుకు వచ్చును. వైద్యుల చేతులలో ఆమె ఎన్నో తిప్పలుపడి, తనకు కలిగినదంతయు వ్యయపరచి, మరింత సంకటపడెనని మార్కు వ్రాసెను. వైద్యుడైన లూకా ఆమె మరింత సంకటపడెననుమాట వ్రాయలేదు! చదివినప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును. అయితే ప్రభువు ఆమెను వైద్యులయొద్దకు ఏల పోతివని అడిగినట్లు ఇద్దరిలో ఎవరును వ్రాయలేదు. పన్నెండేండ్లు కాచుకొనగల జబ్బు ఆమెది. పింజరి కాటు అట్లు కాచుకొనదు.

కావున కాటుపడినవానిని ప్రార్థనకని ఆపు పెద్దలు ఒక సంగతి ఎరుగవలెను. తన దేహము సంగతి తాను నిర్ణయించుకొను మనుష్యునితో దేవుడు చూచుకొనును. కాని స్పృహ తప్పుచున్న కూలివాని విషయమున, నోరెరుగని బిడ్డ విషయమున, వీరి విశ్వాసము సరిపోవునని మరియొకడు పందెము కట్టుటకు ఎవరు అధికారమిచ్చిరి? యెహెజ్కేలు 33వ అధ్యాయమున కావలివాడు ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదనియెడల పడినవాని ప్రాణమును గూర్చి కావలివానియొద్దనే విచారణ జరుగునని యున్నది. ఒక మాట ఒప్పుకొనవలెను: పెద్దలు ఆపకపోయినను ఖర్చుకు భయపడి ఆగు ఇండ్లు అనేకము. విరుగుడు మందు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా ఇత్తురని మన సంఘములలో ఎందరికి తెలియును? 108 బండి 2005 నుండి మన రాష్ట్రమున తిరుగుచున్నది. కానుక పెట్టె ఉన్న గోడమీద ఈ రెండు సంగతులు వ్రాయించినయెడల ఏ సిద్ధాంతమునకును హాని లేదు.

కాటుపడినచోట త్రాడు బిగింపవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కాలును కదలనియ్యక, నడిపింపక మోసికొని పోవుడి. పామును వెదకుచు ప్రొద్దు పుచ్చకుడి. ఆసుపత్రిలో నర్సు కొంచెము నెత్తురు తీసి శుభ్రమైన పొడి గాజుగొట్టములో పోసి నిలువబెట్టును. ఇరువది నిమిషములు దానిని కదపరు. తరువాత ఒక్కసారి వంచి చూతురు. గడ్డయైనదా, నీళ్లవలె జారినదా అని. జారినయెడల విరుగుడు మందు మొదలుపెట్టుదురు. ఆ ఇరువది నిమిషములు వరండాలో నిలిచియున్నవారికి వేరొక పని యుండదు. మోకాళ్లూనుటకు అక్కడ చోటున్నది, అడ్డుచెప్పువారును ఎవరును లేరు.